మంచు ఊళ్లో అరిసెలు

ఫిబ్రవరి 8, ఇంటి దగ్గర

మా కోనసీమలో ఎత్తంటే ఏటిగట్టే. చిన్నప్పుడు మా లంకలో పిల్లలందరం ఎండిన కొబ్బరి మట్ట తెచ్చుకుని, వెడల్పుగా ఉండే మొదలు మీద కూర్చుని, రెండు చేతులతో కాడ పట్టుకుని గట్టు మీంచి కిందికి జారేవాళ్లం. పరికిణీలు చిరిగేవి, మోకాళ్లు దోక్కుపోయేవి, అమ్మ తిట్టేది. మర్నాడు మళ్లీ మట్ట వెతుక్కునేవాళ్లం. మంచు కొండ మీంచి స్కీలనే పొడుగాటి పలకల మీద దిగేవాళ్లని టీవీలో చూసినప్పుడల్లా నా కడుపులో ఆ జారుడే కదిలేది. ఒక్కసారైనా అలా దిగాలని ఎన్నేళ్ల నుంచో కోరిక. 42 ఏళ్లు వచ్చాక ఈ ఫిబ్రవరిలో కుదిరింది.

మా ఆయనది అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. సంక్రాంతి హడావిడి అయ్యాక, శివరాత్రి సరుకు మొదలయ్యేలోపు కాస్త ఊపిరి దొరుకుతుంది. కొబ్బరికాయల దింపు, ఒలుపు మా మరిదికి అప్పజెప్పాం. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయికి బడిలో సెలవు అడిగి తెచ్చాం. వెళ్లేది ఉత్తరాఖండ్‌లోని ఔలీకి. ఔలీలో మంచు వాలు తప్ప ఊరంటూ పెద్దగా లేదు. ఊరు కింద ఉన్న జోషీమఠ్. ఇప్పుడు ప్రభుత్వం జ్యోతిర్మఠ్ అని పేరు మార్చింది కానీ జీపుల వాళ్లంతా జోషీమఠ్ అనే పిలుస్తున్నారు.

ఆ పేరు వినగానే మా అత్తగారు లేచి కూర్చున్నారు. "అక్కడ నరసింహస్వామి ఉన్నాడంటే! అంతర్వేది కుంకం పట్టుకెళ్లవే. ఆయనా ఈయనా ఒకటే కదా, ఓ కబురు తీసుకెళ్లినట్టుంటుంది" అన్నారు. సఖినేటిపల్లి వెళ్లే మా మరిదితో చెప్పి ఆ రోజే కుంకం తెప్పించారు. నేను ఆత్రేయపురం వెళ్లి బెల్లం పూతరేకులు నాలుగు పెట్టెలు తెచ్చాను, 1,000 రూపాయలయ్యాయి. "అక్కడ మనకెవరున్నారని?" అన్నారు మా ఆయన. ఎవరూ లేరు. అయినా ఒక ఊరికి ఒట్టి చేతులతో ఎలా వెళ్తాం?

ఫిబ్రవరి 10, దేవప్రయాగ

హరిద్వార్ దాకా రైళ్లలో గడిచిన కాలం వదిలేస్తున్నాను. కొండదారి మొదలయ్యాక మా డ్రైవరు టీకి ఆపింది దేవప్రయాగలో. రోడ్డు మీంచి చూస్తే కింద రెండు నదులు రెండు రంగుల్లో వచ్చి కలుస్తున్నాయి. భాగీరథి హోరుమంటూ దూకుతుంది, అలకనంద నెమ్మదిగా వస్తుంది. అందుకని అక్కడి వాళ్లు భాగీరథిని అత్త, అలకనందని కోడలు అంటారు. ఇద్దరూ కలిశాకే గంగ అనే పేరు.

మెట్లు దిగి సంగమం దాకా వెళ్లాం. గొలుసు పట్టుకుని నీళ్లలో కాలు పెడితే చల్లదనం ఎముకలోకి దిగింది. అక్కడ కూర్చుని చాలాసేపు ఒకటే ఆలోచించాను. విష్ణుప్రయాగ, నందప్రయాగ, కర్ణప్రయాగ, రుద్రప్రయాగ, దేవప్రయాగ అంటూ ఇక్కడ దిగే కొద్దీ నదులు ఒకదాంట్లో ఒకటి కలుస్తూ వస్తాయి. మా దగ్గర అంతా తిరగబడి ఉంటుంది. ధవళేశ్వరం దాకా ఒక్కటిగా వచ్చిన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా, వైనతేయగా పాయలు పాయలుగా చీలి సముద్రంలోకి వెళ్తుంది. నేను పుట్టి పెరిగింది నది విడిపోయే చోట. నదులు కలిసే చోటు చూడడం నాకదే మొదటిసారి.

ఒడ్డున ఒక పెద్దాయన మా మాటలు విని "రండి, రండి, ఏ జిల్లా?" అన్నారు. బదరీనాథ్ యాత్రికుల పురోహితులట. మన వైపు వాళ్లతో మాట్లాడీ మాట్లాడీ ఆ నాలుగు ముక్కలు పట్టుబడ్డాయట. కోనసీమ అంటే తెలియలేదు, రాజమండ్రి అంటే వెంటనే "గోదావరి!" అని దణ్ణం పెట్టారు. దక్షిణ అడుగుతారేమో అనుకున్నాను, అడగలేదు. అమ్మాయి తలమీద చెయ్యి వేసి, పైన చలి ఎక్కువ, చెవులు కప్పుకోమని చెప్పి వెళ్లిపోయారు.

జోషీమఠ్ చేరేసరికి చీకటి పడింది. మేం దిగింది ఒక ఇంట్లో పై వాటా, రోజుకి 1,800. పొద్దున్న ఒక్కొక్కరికి ఒక్కో బకెట్ వేడినీళ్లు. ఇంటావిడ మా అమ్మాయిని చూడగానే తన శాలువా తీసి దానికి కప్పేసింది, తర్వాత మాతో మాటలు మొదలుపెట్టింది.

ఫిబ్రవరి 11, జోషీమఠ్

ఊరు సముద్రమట్టానికి దాదాపు 1,900 మీటర్ల ఎత్తులో ఉంది. సముద్రమట్టానికి జానెడు ఎత్తులో బతికే మాకు ఒక్కరోజు ఆగి అలవాటు పడడం మంచిదన్నారు. అమ్మాయికి తలనొప్పి, మా ఆయనకి మెట్లెక్కితే ఆయాసం. నీళ్లు ఎక్కువ తాగుతూ నెమ్మదిగా నడవమన్నారు. అలాగే నరసింహస్వామి గుడికి బయల్దేరాం, దారి తప్పాం.

జోషీమఠ్‌లో వీధులంటే మెట్లే. కుడివైపు దిగాల్సింది ఎడమవైపు దిగాం. ఓ ఇరవై ఇళ్లు దాటాక మాటలు ఆగిపోయాయి. ఒక్కో ఇంటి గోడ మీదా ఎర్ర రంగుతో పెద్ద ఇంటూ గుర్తు. తలుపులకి తాళాలు. ఒక ఇంటి గోడలో బీటలోంచి నా చెయ్యి మణికట్టు దాకా దూరుతుంది. ఒక వరండా నేల సగం పక్కకి ఒరిగి, సగం సమంగా ఉంది. గూట్లో దేవుడి పటం మాత్రం అలాగే ఉంది.

2023 జనవరిలో ఈ ఊరు కుంగడం అప్పట్లో టీవీలో చూశాం. 800 పైచిలుకు ఇళ్లకి బీటలు వచ్చాయి. ఊరు కూర్చుంది గట్టి రాతి మీద కాదు, ఎప్పుడో విరిగిపడిన కొండ చరియల గుట్ట మీద అని, బరువైన కట్టడాలు వద్దని 1976లోనే మిశ్రా కమిటీ చెప్పింది. చదివినప్పుడు వార్తగానే ఉంది. ఆ గోడ ముందు నిలబడితే వేరు. అది ఒకరు అన్నం వండుకున్న ఇల్లు.

అలా నిలబడి ఉండగా వెనక నుంచి "ఎవరు కావాలి బిడ్డా?" అని ఒకావిడ. 70 ఏళ్లుంటాయి. వీపు మీద గడ్డిమోపు. దారి తప్పామని నాకొచ్చిన హిందీలో చెప్పాను. ఇల్లు ఆవిడదే. కొడుకు కుటుంబంతో పై వీధిలో అద్దెకి ఉంటోంది. ఆవు మాత్రం ఇక్కడే పాత కొట్టంలో ఉంది. అద్దె ఇంట్లో ఆవుని ఎవరు కట్టుకోనిస్తారు? రోజూ రెండుపూటలా మెట్లు దిగి వచ్చి గడ్డివేసి, పాలు పితుక్కుని వెళ్తుంది.

కూర్చోండి అంటూ కొట్టం ముందు బల్ల దులిపింది. మేం మొహమాటపడుతుంటే మా ఆయన్ని "భైజీ" అని, నన్ను "భులీ" అని పిలిచింది. భైజీ అంటే అన్నయ్య, భులీ అంటే చెల్లి. అప్పుడే పితికిన పాలతో టీ పెట్టింది. మాటకి ముందు "జీ", వెనక "జీ". మా ఊళ్లో "ఆయ్" అన్నట్టే.

తర్వాత మూటలోంచి ఒక డబ్బా తీసింది. బంధువుల పెళ్లిలో పంచారట. మూత తీయగానే నేనూ మా ఆయనా ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నాం. ముదురు గోధుమ రంగు, గుండ్రం, అంచుల దగ్గర చిన్న చిన్న పగుళ్లు. "అమ్మా, అరిసె!" అని అమ్మాయి అరిచింది. ఆవిడ తల ఊపి, "హాఁ జీ, అర్సా" అంది.

నమ్మబుద్ధి కాలేదు. అడిగాను. బియ్యం నానబెట్టి, నీరు వార్చి, తడిమీదే దంచి, బెల్లం పాకంలో కలిపి, నూనెలో వేయించడం. పాకాన్ని ఆవిడ "పాక్" అనే అంది. ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు డబ్బాలో పెట్టి పంపుతారట. మా సారెలో పెట్టినట్టే. కొరికితే మొదట ఆవనూనె ఘాటు తగిలింది, దాని వెనకే మన చలిమిడి రుచి. ఈ వంట శంకరాచార్యుల వెంట దక్షిణం నుంచి వచ్చినవాళ్లు నేర్పారని అక్కడివాళ్ల నమ్మకం. ఆదిశంకరులు తపస్సు చేసి మఠం పెట్టిన ఊరు కదా ఇది.

సంచిలోంచి పూతరేకుల పెట్టె తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఒకటి పట్టుకుని చాలాసేపు తిప్పి చూసి, "కాగితం తీసేసి తినాలా?" అని అడిగింది. అది బియ్యమే అంటే నమ్మలేదు. కుండ బోర్లించి, కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండమీద లాగితే ఆ రేకు వస్తుందని చేత్తో చేసి చూపించాను. నోట్లో పెట్టుకోగానే కరిగిపోయింది. ఆవిడ నవ్వుతూ రెండోది తీసి కొంగున కట్టుకుంది, మనవడికట.

ఆ జనవరి రాత్రుల గురించి ఆవిడే చెప్పింది. నేల లోపల నుంచి టకటకమని చప్పుడు వచ్చేదట. పొద్దున్న లేచి ముందు గోడ చూసుకునేవాళ్లట. నిన్న గోరు దూరిన చోట ఇవాళ వేలు దూరేదట. నేను 1996 నవంబరు 6 తుఫాను గురించి చెప్పాను. నాకప్పుడు 13 ఏళ్లు. ఆ రాత్రి మా ఇంటి చుట్టూ కొబ్బరి చెట్లు ఒక్కొక్కటీ విరుగుతుంటే మా నాన్న లెక్కపెడుతూ కూర్చున్నారు. తెల్లారేసరికి తోట లేదు, ఆకాశం ఒక్కటే కనిపించింది. "మళ్లీ వేశారా?" అని అడిగింది. వేశాం అన్నాను. ఎన్నేళ్లకి కాసింది అని అడిగింది. ఆరేడేళ్లు అన్నాను. ఆవిడ ఇంకేం అడగలేదు. ఆవు దగ్గరికి వెళ్లి గడ్డి సర్దుతూ నిలబడింది.

గుడికి ఆవిడే దారి చూపించింది. లోపల స్వామి సాలగ్రామ విగ్రహం, చిన్నది. ఎడమచేతి మణికట్టు రోజురోజుకీ సన్నబడుతోందని, అది విరిగిన రోజు జయవిజయ పర్వతాలు కలిసిపోయి బదరీనాథ్ దారి మూసుకుపోతుందని, అప్పుడు బదరీనాథుడు భవిష్య బదరి అనే చోట కొలువుంటాడని నమ్మకం. అంతర్వేది కుంకం పొట్లం పూజారి గారికి ఇచ్చాను. ఎక్కడిదని అడిగారు. నది సముద్రంలో కలిసే చోట కూడా ఈ స్వామే ఉన్నాడని చెప్పాను. ఆయన పొట్లం విప్పి, స్వామి పాదాల దగ్గర పెట్టి, చిటికెడు తీసి తిరిగి నాకే ఇచ్చారు. అత్తగారి కోసం దాచాను.

ఫిబ్రవరి 12, ఔలీలో మొదటి రోజు

జోషీమఠ్ నుంచి ఔలీకి నాలుగు కిలోమీటర్ల రోప్‌వే ఉండేది, ఊరు కుంగిన 2023 జనవరి నుంచి ఆగిపోయింది. ఇప్పుడు రోడ్డే గతి. షేర్ జీపులో తలకి 150. పైకెళ్లే కొద్దీ రోడ్డు మీద గాజులా మెరిసే గడ్డ. డ్రైవరు దిగి టైర్లకి గొలుసులు చుట్టాడు. ఇంకో మలుపు తర్వాత ఆ బండీ వెళ్లలేదు. మిగతా దారి నడిచాం. ఎదురొచ్చిన ప్రతి మనిషీ "నమస్తే జీ" అని చెప్పి, అంచున నడవకండి, మధ్యలో నడవండి అని చెప్పి వెళ్లారు.

సామాన్లు అద్దెకి తీసుకున్న చోట మాత్రం మనసు కష్టపడింది. స్కీలు, బూట్లు, కర్రలు కలిపి రోజుకి తలకి 700 అని మాట్లాడుకున్నాం. సాయంత్రం ఇచ్చేటప్పుడు, నా చేతికిచ్చిన గ్లోవ్స్ చిరిగాయి 400 కట్టమన్నాడు. అవి పొద్దున్నే చిరిగి ఉన్నాయి, అమ్మాయి ఫోటోలో కూడా కనిపిస్తోంది. ఫోటో చూపించినా ఒప్పుకోలేదు, కట్టాం. వెళ్లేవాళ్లు సామాన్లు తీసుకోగానే వాటి ముందే ఫోటోలు తీసుకోండి. మర్నాటి నుంచి మా శిక్షకుడికి తెలిసిన ఇంకో చోట తీసుకున్నాం, 600కే వచ్చాయి.

శిక్షకుడు జోషీమఠ్ కుర్రాడే, పాతికేళ్లుంటాయి. పూటకి తలకి 800. చిన్నప్పుడు చెక్కముక్కలకి తాడు కట్టుకుని జారడం నేర్చుకున్నాడట. కొబ్బరి మట్ట సంగతి చెప్తే చాలా సంతోషపడి, "అయితే దీదీకి భయం లేదు, పని సగం అయిపోయింది" అన్నాడు.

స్కీ బూటంటే గట్టి ప్లాస్టిక్ డొప్ప. నాలుగు పట్టీలు బిగించాక మడమ కదలదు, కాలు ముందుకి వంగే ఉంటుంది. నడిస్తే దమ్ము చేసిన చేలో కాళ్లు పీక్కుంటూ నడిచినట్టుంటుంది. స్కీలో కాలు పెట్టే ముందు బూటు అడుగున అంటుకున్న మంచుని కర్రతో గీకేయాలి, ఏ మాత్రం మిగిలినా బూటు సరిగ్గా కూర్చోదు. వేళ్ల వైపు ముందు దూర్చి, మడమతో గట్టిగా తొక్కితే "టక్" మంటుంది. ఆ చప్పుడు వచ్చాకే కాలు స్కీ అయినట్టు. స్కీలు వాలుకి అడ్డంగా ఉన్నంతసేపు నిలబడగలం. కొసలు కొంచెం కిందికి తిరిగాయా, మనల్ని అడగకుండానే బయల్దేరతాయి.

ముందు పడడం నేర్పాడు. పడిపోతున్నామని తెలియగానే వెనక్కి కాదు, పక్కకి, కొండవైపుకి ఒరగాలి. లేవడానికి రెండు స్కీలూ మన కిందివైపుకి తెచ్చి, వాలుకి అడ్డంగా పెట్టి, అప్పుడు లేవాలి. తర్వాత ఆగడం. ముందు కొసలు దగ్గరగా, వెనక కొసలు దూరంగా పెట్టి, లోపలి అంచులతో మంచుని ఒత్తాలి. దాన్ని స్నో ప్లౌ అంటారు. నాగలిలాగే మంచుని రెండుపక్కలకీ తోస్తూ వేగం తగ్గిస్తుంది.

వినడానికి తేలిక. వాలు కనిపించగానే ఒళ్లు దానంతటదే వెనక్కి వాలుతుంది, వాలితే స్కీలు ఇంకా జోరందుకుంటాయి. "ఘుట్నే మోడో, ఆగే దేఖో" అని ఆ పూటంతా ఆయన అరుస్తూనే ఉన్నాడు. మోకాళ్లు వంచాలి, బరువు ముందుకి పడాలి, కాళ్లకేసి చూడకూడదు. మా దింపు వాళ్లు చెట్టెక్కే కుర్రాళ్లకి చెప్పేదీ అదే: నేల చూడకు, మొవ్వు చూడు. పదకొండు సార్లు పడ్డాను. పన్నెండోసారి ఓ ఇరవై గజాలు జారి, ఎవరూ పట్టుకోకుండా, అనుకున్న చోట ఆగాను. ఆగిన చోటే నిలబడి ఏడ్చేశాను. అమ్మాయి పరుగెత్తుకొచ్చి దెబ్బ తగిలిందా అని అడిగింది.

ఫిబ్రవరి 13, నందాదేవి

పొద్దున్నే మంచు రాయిలా గట్టిగా ఉంటుంది, పది దాటాక కొంచెం మెత్తబడుతుంది, మాలాంటి వాళ్లకి అప్పుడే మంచిది. ఆ లోపు చెయిర్‌లిఫ్ట్‌లో పైకెళ్లాం. కుర్చీలో కూర్చున్నాక కాళ్లు గాల్లో వేలాడతాయి, చప్పుడే ఉండదు. పైన ఎదురుగా నందాదేవి. 7,816 మీటర్లు. అటువైపు ద్రోణగిరి. ఔలీలోనే చిన్న హనుమంతుడి గుడి ఉంది, సంజీవని కోసం వచ్చినప్పుడు స్వామి ఇక్కడ ఆగాడని చెప్తారు. ద్రోణగిరి ఊరివాళ్లు మాత్రం ఇప్పటికీ హనుమంతుణ్ణి పూజించరట, తమ కొండ ముక్క ఎత్తుకుపోయాడని. లక్ష్మణుడి ప్రాణం మనకి తెలుసు. కొండ పోయిన ఊరు ఒకటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

మా ఆయన ఆ కొండల్ని చూస్తూ చాలాసేపు కదల్లేదు. ఎప్పుడూ ధర, రాశి, లోడు తప్ప ఇంకో మాట లేని మనిషి. "నాన్న చూసుంటే బాగుండేది" అన్నారు, అంతే. 

మధ్యాహ్నం మ్యాగీ 80, టీ 30. పక్కన ఊరి పిల్లలు ప్లాస్టిక్ గోనెసంచుల మీద కూర్చుని వాలు మీంచి జారుతున్నారు. మా అమ్మాయి వాళ్లతో కలిసిపోయింది. నేనూ ఒక సంచి అడిగి తీసుకున్నాను. ఆ జారుడులో మాత్రం ఒక్కసారి కూడా పడలేదు.

ఫిబ్రవరి 14, మంచు కురిసిన రోజు

తెల్లవారుజామున లేస్తే కిటికీ బయట ఏ చప్పుడూ లేదు. మా ఊళ్లో వాన వస్తే చాటింపు వేసుకుని వస్తుంది. మంచు చెప్పకుండా వస్తుంది. ఔలీ దారి మూశారు. రోజంతా ఇంటావిడ వంటింట్లో కట్టెల పొయ్యి దగ్గరే గడిచింది, నాకు ఈ యాత్రలో బాగా నచ్చిన రోజుల్లో అదొకటి.

"గహత్" వండుతున్నాను అంది. మూత తీసి చూస్తే ఉలవలు! మనం ఉలవలు ఉడికించిన నీళ్లు చారు పెడతాం. వాళ్లు నానబెట్టి రుబ్బి, చిక్కగా ఉడికించి అన్నంలో పోసుకుంటారు. చలికాలంలో ఒంటికి వేడి చేస్తుందని మన వాళ్లు చెప్పిన మాటే వాళ్లూ చెప్పారు. "మండువా" రొట్టె అంటే రాగి రొట్టె, వేడివేడిగా పైన నెయ్యి, పక్కన బెల్లం ముక్క. ముట్టుకుంటే చెయ్యి మండే "కండాలీ" ఆకుని పట్టకారుతో పట్టుకుని కడిగి కూర చేసింది. ఉడికాక మంట పోయి తోటకూర కంటే కమ్మగా ఉంది. నేను ఉలవచారు పెడతానన్నాను. చింతపండు లేదు. ఎండబెట్టిన దానిమ్మ గింజలు ఇచ్చింది. పులుపు సరిపోయింది, రంగు కూడా వచ్చింది. ఇంటాయన రెండుసార్లు పోయించుకున్నారు.

వాళ్లింట్లో ఒక పద్ధతి గమనించాను. తినేవాళ్లు చాలు అనగానే ఇంకో రొట్టె వేస్తారు, మా గోదావరి ఇళ్లలో వడ్డించినట్టే. కాకపోతే కంచంలో మెతుకు వదిలితే మొహం చిన్నబుచ్చుకుంటారు. అది పైకి మోసుకొచ్చిన తిండి. బియ్యం, కూర, గ్యాసు అన్నీ కొండ ఎక్కి రావాలి. తెలిశాక అమ్మాయి కూడా కంచం తుడిచినట్టు తిన్నది.

ఫిబ్రవరి 15, మళ్లీ ఔలీ

కొత్త మంచు అడుగు మందాన పడింది. శిక్షకుడి మొహం వెలిగిపోతోంది. ఆ సంతోషం ఎందుకో జీపులో చెప్పాడు. 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడల్లో స్కీ పోటీలు ఔలీలో జరిగాయి. మంచు తయారుచేసే యంత్రాల కోసమని పైన చెరువు కూడా కట్టారు. కానీ ఈ మధ్య మంచు సరిపడా పడక జాతీయ పోటీలు రద్దయిన ఏళ్లున్నాయి. మంచు లేకపోతే స్కీల అద్దె లేదు, జీపు లేదు, టీ కొట్టు లేదు, ఆయన వయసు కుర్రాళ్లు డెహ్రాడూన్ హోటళ్లలో పనికి దిగాలి. నాకు మా రాజోలు వైపు తోటలు గుర్తొచ్చాయి. సముద్రపు ఉప్పునీరు డ్రెయిన్లలోకి ఎగదన్ని, కాపుకొచ్చిన చెట్లు తలలు వాల్చేసి మోళ్లుగా నిలబడ్డాయి. అదే ఆయనకి చెప్పాను. ఫోన్‌లో ఫోటో అడిగి చూశాడు. మంచు కొండ మీద ఇద్దరం ఎండిపోయిన కొబ్బరి చెట్టు చూస్తూ నిలబడ్డాం.

ఆ రోజు నేర్చుకునేవాళ్ల వాలు పైనుంచి కింది దాకా దిగాలని నిర్ణయం. అమ్మాయి ముందే దిగిపోయింది, పిల్లలకి భయం తెలియదు. మా ఆయన ఒంటి కర్రతో, నెమ్మదిగా, ఎడ్లబండి నడిపినట్టు దిగారు. నేను పైన నిలబడ్డాను. కాళ్లకేసి చూడలేదు. ఎదురుగా ఉన్న దేవదారు చెట్టు కొన మీద చూపు పెట్టాను. కొసలు కిందికి తిప్పాను.

మొదట గాలి చెవుల్లో మొదలైంది. మోకాళ్లు వంగాయి. కుడికాలి మీద బరువు వేస్తే ఎడమకి తిరిగాను, ఎడమ కాలి మీద వేస్తే కుడికి. కొత్త మంచు స్కీల కింద తడి ఇసకలా మెత్తగా నలుగుతోంది. మధ్యలో వేగం పెరిగింది, ఒళ్లు వెనక్కి లాగింది, ముందుకి వంగాను. ఎంతసేపు పట్టిందో తెలియదు, అమ్మాయి తీసిన వీడియోలో ఒక నిమిషం నలభై సెకన్లు. నాకు మాత్రం ఆ గట్టు, ఆ మట్ట, కింద లంకలో చెరుకు తోట, అన్నీ ఉన్నాయి అందులో. కింద ఆగి వెనక్కి చూస్తే కొత్త మంచులో నా గీతలు పాములా వంకర్లు తిరిగి ఉన్నాయి.

ఫిబ్రవరి 16, జోషీమఠ్ నుంచి బయల్దేరేముందు

మోకాళ్లు కమిలిపోయి ఉన్నా ఆ మెట్లు దిగి ఆవు కొట్టానికి వెళ్లాం. మిగిలిన పూతరేకుల పెట్టె ఇచ్చాను. ఆవిడ మాకోసం రాత్రి కూర్చుని అర్సాలు చేయించిందట, రెండు కిలోలుంటాయి. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి తోసేసి, "చెల్లెల్ని ఒట్టి చేతులతో పంపుతారా?" అంది. ఇంటి అడ్రసు రాయించుకున్నాను. ఏ ఇంటి అడ్రసు ఇవ్వాలని కాసేపు ఆలోచించి, ఎర్ర గుర్తున్న ఇంటిదే రాయించింది. పోస్ట్‌మన్‌కి అదే తెలుసు, తెచ్చి కొట్టంలో ఇస్తాడు అంది.

ఇంటికొచ్చాక

లెక్క చూస్తే ముగ్గురికీ రాను పోను కలిపి 71,400 అయింది. అందులో ఆ గ్లోవ్స్ 400 ఒక్కటే నాకు బాధ.

అత్తగారు కుంకం కళ్లకద్దుకుని, అర్సా ఒకటి తీసుకుని, విరిచి, వాసన చూసి, చిన్నముక్క నోట్లో వేసుకున్నారు. కళ్లు మూసుకుని నమిలారు. "నూనె తేడా. పిండి మనదే" అన్నారు. ఆ ఇంటి సంగతి అంతా చెప్పించుకున్నారు, ఆవు ఎన్ని పాలిస్తుందో కూడా అడిగారు. మర్నాడు బియ్యం నానబోశారు. నువ్వులద్ది, నేతిలో వేయించి, అరిసె చెక్కలతో ఒత్తి, రెండు కిలోలు సర్దారు. అమలాపురం పోస్టాఫీసులో పార్సిల్ చేయించాను. కౌంటర్‌లో కుర్రాడు అడ్రసు చదివి, "అండి, ఇది బదరీనాథ్ దారిలో ఊరేనా? మా తాతగారు వెళ్లారు" అని టేపు ఇంకో రెండు చుట్లు ఎక్కువ వేశాడు.

పదో రోజు ఫోన్ వచ్చింది. ఆవిడ మనవడు మాట్లాడి, ఫోన్ ఆవిడకిచ్చాడు. అందాయట. అందరికీ పంచిందట. కొంచెం ఆగి, మెల్లగా, మీ అత్తగారితో చెప్పు, పాకం ఇంకో పొంగు రావాల్సింది, ముందే దింపేశారు అంది.

చెప్పాను. అత్తగారు వింటున్న టీవీ కట్టేశారు. "ఇంకో పొంగు రానిస్తే రాళ్లవుతాయి, పళ్లూడతాయని చెప్పు" అన్నారు. "వద్దులే, ఫోన్ కలుపు, నేనే చెప్తాను" అన్నారు. హిందీ రాదు కదా అత్తయ్యా అంటే, పాకం గురించి మాట్లాడ్డానికి హిందీ ఎందుకే అన్నారు.